ఎల్లెలకల

ములుగు రోడ్డు సా మిల్లుల
టేకు దుంగ తొర్రల దొరికినవు నువ్వు.
జానెడు ముందల రంపం ఆగింది.
కొంరెల్లి చేతిరుమాల్ల మూటగట్టి తెచ్చి
"ఎక్స్‌రే సారూ, దీనికి ఎముకలున్నయా సూడు" అన్నడు.

లేవు.
నీకు ఎముకే అంగి.

బిస్కెట్ల సీసాల ఇసుక పోసి, కొబ్బరి పీచు పరిచి
పోచమ్మ మైదాన్‌ల మా రెండో అంతస్తు అర్రల
కూలర్ గాలి తగలని మూలకు పెట్టిన.
పేరు రాజవ్వ.
ఎవ్వలు దగ్గరికొచ్చినా ముందటి కాళ్లు లేపేదానివి,
మా వార్డుల ఒక ముసలమ్మ
సూది జూస్తె రెండు చేతులు లేపినట్టు.

మొదటిసారి నువ్వు ఎల్లెలకల పడ్డ పొద్దు
నైట్ డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన.
ఎనిమిది కాళ్లు మీదికి.
మనుషులైతే గంతే కదా, అట్ల పండవెట్టినమంటే
ఇగ డప్పులోళ్లకు కబురు వోయినట్టే.
కిందికి దిగి జామచెట్టు మొదట్ల చెంచతోని గుంత తవ్విన.
జువాలజీ చెప్పి రిటైరయిన అజ్మతుల్లా సార్
మెట్ల మీద పేపర్ చదువుకుంట
తల ఎత్తకుండనే అన్నడు:
"ముట్టకు. పురుడు పోసుకుంటున్నది,
తనకు తానే."

నాలుగు గంటలు.
వీపు మూత లేసినట్టు లేసింది.
స్వెటర్ల నుంచి పిల్లగాడు చేతులు గుంజుకున్నట్టు
ఒక్కొక్క కాలు, మళ్లొక్క కాలు,
ఆఖరుకు కోరలు సుత, పాలపండ్ల లెక్క తెల్లగ.
పక్కన నువ్వే ఇంకొకతి, లోపట ఏం లేకుండ.
ఆ గుంతల సులోచన పుదీన పెట్టింది.

తొమ్మిది కుబుసాలు.
ఫిల్మ్ కవర్లల తారీఖులేసి దాసిన.
ఎవ్వలు లేని ఒక రాత్రి జాము
ఒకదాన్ని ప్లేటు మీద పెట్టి షాట్ కొట్టిన.
ఏం పడలె. అద్దం మీద ఊపిరి పడ్డంత మచ్చ.
దినాం నలభై మంది పక్కటెముకలు చూసేటోణ్ని,
సీసం అంగి ఇప్పి కొక్కేనికి తగిలేసినప్పుడల్ల
భుజాలు తేలికై
జెర్రసేపు నీ లెక్క కొత్తగ అనిపించేది.
తెల్లారితే మళ్ల అదే అంగి.

తర్వాత తర్వాత ఎడం పెరిగింది.
ఏడాదికోసారి, రెండేండ్లకోసారి,
ఇగ మూడేండ్లు గడిసినా కుబుసం ముచ్చటే లేదు.
పొట్ట మీద నూగు రాలి బట్టనెత్తి అయింది.
ఒకనాడు బొద్దింకపిల్ల నీ కాళ్ల మీదికెల్లి నడిచిపోయింది,
నువ్వు ఏమనలె.
నాకు గప్పుడే తెల్వాలె.

రోహిణి కార్తె. కరెంటు వోతున్నది, వస్తున్నది.
నువ్వు ఎల్లెలకల పడలె.
ఉన్నకాడనే బోర్ల కూసున్నవు,
కాళ్లు మెల్లమెల్లగ కిందికి ముడుసుకుంట,
రూపాయి దాసుకున్న పిడికిలి లెక్క.
సార్ ఉంటే చెప్పేటోడు. సార్ పోయి రెండేండ్లు.
ఆయన ఎన్నడో అన్న మాట యాదికొచ్చింది:
కాళ్లు మడిచేటందుకే దానికి కండలుంటయి,
చాపేటందుకు నెత్తురు తోసుడే.
తోసి తోసి అలిసిపోతే
అన్నీ లోపలికే మడత పడతయి.

డ్రాపర్‌తోని నీళ్లు పెట్టిన.
నోటికాడ చుక్క ఎంతసేపు అట్లనే నిలవడ్డదో.
సులోచన వచ్చి "పోయిందా" అన్నది.
"లేదు, కుబుసం ఇడుస్తదేమో చూద్దాం."
ఆమె తెలిసే ఊకున్నది.
కూలర్ బంద్ చేసి పోయింది.

మూడు రోజులు చూసిన.
మూడో పొద్దు చీమలు వరుస కట్టినయి.

పుదీన మడిల గుంత. అదే చెంచ, జెర్ర వంగింది.
పెట్టేటప్పుడు ఒక్క పని చేసిన, ఎందుకని అడుగకు:
బొటనేలుతోని మెల్లగ తిప్పి
నిన్ను ఎల్లెలకల పండవెట్టిన.