మట్టి లేకుండా

సుకబూమిలో పొద్దుటి నుంచీ వాన.
ఇమస్ వరండాలో గొంతుక్కూర్చుని
హోయా తీగ వేళ్లు కడుగుతోంది, మూడోసారి,
పసిపిల్ల తలకి పోసినట్టు చెంబుతో.
ఒక్క మట్టి రేణువు కనిపించినా
తనిఖీ గదిలో ఆ భూతద్దం మనిషి
కాగితం మీద ముద్ర వెయ్యడు.

నాచు తడిగా ఉండాలి, మరీ తడిగా కాదు.
పిండితే ఒక్క చుక్క రాలాలి,
రెండు రాలితే దారిలోనే కుళ్లు.
ఆకుల మధ్య పాత పేపరు:
ఎవరిదో పెళ్లి, మిరపకాయల ధర,
సగం చిరిగిన ఫుట్‌బాల్ స్కోరు.

ఫిన్లాండులో ఔలు అనే ఊరు.
ఉర్హో అనే ఆయన రాశాడు:
‘ఇక్కడ మధ్యాహ్నం రెండింటికే చీకటి,
దానికోసం దీపం కొన్నాను.’
మొక్కకి దీపమా, అని నవ్వి
మళ్లీ చదువుకుంది.

నలభై ఒకటో రోజు పెట్టె తిరిగొచ్చింది
మూల నలిగి, ఒంటినిండా ముద్రలతో.
ఇంటి నంబరు లేదట.
చిరునామా రాసింది తనే.

విప్పితే ఆకులు పసుపు, రెండు రాలాయి.
టేపు ఊడిన సందు దగ్గర మాత్రం
జానెడు మొలక, పాలిపోయి, ఆకే లేకుండా,
బయటికి మెడ చాచి.
ఏ విమానాశ్రయం గోదాములో
రాత్రంతా వెలిగిన బల్బో!

పెరట్లో గుప్పెడు మట్టి తవ్వి దాన్ని నాటింది.
పుల్లకి కట్టినా ఆ మెడ వంకర పోలేదు.

ఉర్హోకి వేరే తీగ కోసింది.
ఈసారి ముందు నంబరు రాసింది, పదిహేడు,
ఆ తర్వాతే
చెంబు ముంచింది.