వచ్చే వారం చార్టు

ఆదివారం రాత్రి పదకొండున్నర.
కాచిగూడలో చివరి టేబులు లేచిపోయాక
బిల్లు కౌంటర్ మీద చార్టు పరుస్తాను.
అడ్డంగా ఏడు రోజులు, నిలువుగా ఇరవై రెండు పేర్లు.
ఇరవై రెండన్నది సేటు లెక్క.
నా లెక్కకు పద్దెనిమిదే.
మిగతా నాలుగు గళ్ళ మీద వైట్‌నర్
ఇంకా ఆరలేదు.

బిశ్వజిత్, తందూరు.
ఓటేసొస్తానని బరంపురం రైలెక్కాడు.
ఫోను మోగుతుంది, ఎత్తడు.
ఏప్రాన్ మేకుకే ఉంది,
జేబులో సగం ఖైనీ పొట్లం.

ఇంతియాజ్, కెప్టెన్.
ఎదురుగా కొత్తగా తెరిచిన మండీవాళ్ళు
రెండు వేలు ఎక్కువిచ్చి తీసుకుపోయారు.
సాయంత్రాలు రోడ్డు అవతల నుంచి చెయ్యి ఊపుతాడు.
నేనూ ఊపుతాను. ఏం చెయ్యను,
ఒక్క ట్రేలో తొమ్మిది చాయ్‌లు మోయడం నేర్పింది నేనే.

"ఎందుకు పోతున్నర్రా వీళ్ళు?
తిండి పెడ్తున్నం, రూమిస్తున్నం" అంటాడు సేటు.
రూమంటే బర్కత్‌పురాలో మూడో అంతస్తు,
పదకొండు మందికి ఒక్క బకెట్టు,
ఒంటిగంటకు వీళ్ళు చేరేసరికి
నీళ్ళ మోటారుకు తాళం.
తిండంటే
రోజంతా బిర్యానీ వడ్డించిన చేతులకు
నాలుగింటికి మిగిలిన చారు.
వీటికి చార్టులో గళ్ళు లేవు.

పోయిన ఎండాకాలం ఒక పని చేశాను.
అంట్ల తొట్టి పక్కన స్టూలు వేశాను.
పాత ఇనుప స్టూలు, అఫ్జల్‌గంజ్‌లో నూటయాభై.
బాలమణి మొదటి రోజు కూర్చోలేదు.
దానిమీద తడి కొంగు ఆరేసి, చుట్టూ చూసి, తీసేసుకుంది.
మూడోనాడు కూర్చుంది
రెండు మోకాళ్ళూ పట్టుకుని,
ఎవరి పిల్లల్నో కాసేపు చూసుకోమని ఇచ్చినట్టు.
సేటు కంట పడింది. "కూసుంటే పనెట్లయితది?"
స్టూలు స్టోరు రూములోకి పోయింది.
ఆ నెల ముగ్గురు మానేశారు.
ఆ ముగ్గురిలో ఒక్కరూ
దానిమీద ఎన్నడూ కూర్చున్నవాళ్ళు కారు.

సేటుకు చెబితే నవ్వాడు,
కొత్తోళ్ళు దొరకరా అన్నాడు.
కొత్తవాడంటే
ఏజెంటుకు సగం జీతం,
పగిలే గ్లాసులు రెండు డజన్లు,
నెల దాకా 'ఉప్పెక్కడ భయ్యా',
ఏడో టేబులు రోటీలు తొమ్మిదికి.
అన్నీ కాగితం మీద కూడి చూపించాను.
అడుగున స్టూలు ఖరీదు రాశాను.
చాలాసేపు ఆ కాగితంతోనే విసురుకున్నాడు.

మర్నాడు పొద్దున స్టూలు తొట్టి పక్కనే ఉంది.
ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు.
మోటారు తాళంచెవి మాత్రం
ఇప్పటికీ ఇంటాయన మొలతాడుకే.

సరే, రాయాలి.
బాలమణికి బుధవారం సెలవు, మనవరాలి బడిలో మీటింగు.
ఎల్లేశుకు రాత్రి డ్యూటీ వద్దు,
ఉమ్దానగర్ ఆఖరి బండి తప్పిపోతుంది.
శుక్రవారం తందూరు దగ్గర ఎవరు?
ఆ గడి అట్లాగే వదిలేస్తాను.

నా పేరు అందరికంటే పైన,
పదేళ్ళుగా నీలం ఇంకుతో.
నా సంచిలో మాదాపూర్ నుంచి వచ్చిన కవరు
నాలుగు రోజులుగా, నలగకుండా.
ఈ వారం నా పేరు మాత్రం
పెన్సిలుతో రాశాను.

లైట్లార్పడానికి వచ్చింది బాలమణి.
చార్టు వైపు వంగి చూసింది.
ఆమెకు చదువు రాదు.
రంగులు తెలుసు.
ఏమీ అడగలేదు.
లోపలికి పోయి, స్టూలు ఈడ్చుకొచ్చి
నా వెనక పెట్టి
"జర కూసో" అంది.