ఎవరి నడక వాళ్ళది

కేజీహెచ్‌లో శుక్లం తీయించుకుని
నయోమమ్మత్త నల్లద్దాలతో జాలరిపేటకి తిరిగొచ్చిన సాయంత్రం
నా చేతిలో ఒక ఎల్ఐసీ డైరీ పెట్టింది.
ఎప్పటిదో. అట్ట మీద చేప పొలుసు ఒకటి
అతుక్కుపోయి మెరుస్తోంది.
"నెల్రోజులు నా కళ్ళు నువ్వే. సదువు" అంది.

తేదీల గళ్ళలో అన్నీ పేర్లే.
కొట్టేసినవి ఒక్కటీ లేవు.
గబగబా చదివేశాను,
రేషన్ డిపోలో కార్డులు పిలిచినట్టు.

అత్త చెయ్యెత్తి ఆపింది.
"అలా తరిమేత్తే ఎలారా?
గరికిన ఎర్రయ్యకి కాలు బాగోదు, ఆడు వచ్చేదాకా ఆగు.
తబితకి ఏడో నెల, మెట్లెక్కి రావాల.
ఆ తరవాతోడికి చెవుడు, రెండుసార్లు పిలు.
దేవుడి ముందుకి తీసుకెళ్తన్నాం,
బస్సెక్కించట్లేదు."

అప్పట్నించీ ఒక్కో పేరు దగ్గర
ఆ మనిషి వచ్చేంతసేపు ఆగడం నేర్చుకున్నాను.
ఫ్యాను కిర్రుమనేది.
హార్బరు వైపు నించి ఏదో ఓడ పొడుగ్గా కూసేది.
ఎర్రయ్య కుంటుకుంటూ వచ్చి
గడప దగ్గర తువ్వాలు దులుపుకున్నట్టుండేది.

అత్త ప్రార్థనలో పెద్ద మాటలుండవు.
"అయ్యా, ఈడొచ్చాడు. సూడు."
అంతే. తరవాత ఊరుకుంటుంది.
ఆ ఊరుకోవడం ఒక్కోసారి ఎంత పొడుగంటే
నిద్రపోయిందేమోనని తొంగి చూసేవాణ్ణి.
నల్లద్దాల కింద చెంప తడిగా ఉండేది.
కంటికి నీళ్ళు తగలనివ్వొద్దంది కదా డాక్టరమ్మ, అంటే
"లోపల్నించొచ్చే నీళ్ళ గురించి ఆయమ్మేటీ సెప్పలేదు" అంది.

హుద్‌హుద్ గాలికి ఈ ఇంటి రేకులన్నీ లేచిపోయిన రాత్రి కూడా
వానలో తడుస్తూ పేర్లు పిలిచిందట.
"ఆ నలుగురూ కప్పు పీకి మరీ
మంచంతో దింపారు కదేటి ఆ పక్షవాతపోణ్ణి.
మనకి గాలే పీకిపెట్టింది.
ఇంక దించడమే."

ఒకరోజు అడిగాను:
వీళ్ళలో సగం మంది నీకు తెలీదు,
నువ్వు అడుగుతున్నట్టు వాళ్ళకీ తెలీదు. ఏం లాభం?
అత్త కిటికీ వైపు చెయ్యి చూపింది.
ఇసకలో పెద్దవల లాగుతున్నారు.
"ఆ సివర తాడు పట్టుకున్నోడికి
వలలో ఏటుందో కనపడతాదేటి?
అయినా ఒగ్గెయ్యడు. బరువు సేతికి తెలుస్తాది."

పదకొండో రోజు.
ఆగస్టు పద్నాలుగు గడిలో, అడ్డంగా, ఇంకు అలికి:
ఆమోసు, ఐసు క్రషరు.
నోరు పెగల్లేదు.
ఇద్దరం కలిసి పెట్టిన క్రషరది.
నా వాటా మింగి, బోర్డు మీంచి నా పేరు గీకేసి
మూడేళ్ళయింది వాడు.
పేజీ తిప్పేశాను.

"ఏటి, ఒకణ్ణి మెట్లకాడే ఒగ్గేసేవు?"

డైరీ మొత్తం అత్తకి కంఠతా వచ్చని
అప్పుడు తెలిసింది నాకు.

"నువ్వే పిలువత్తా" అన్నాను.
"పిలుత్తానే ఉన్నాను మూడేళ్ళుగా.
ఆడి నడక నాకు తెల్దు. నీకు తెలుసు."

తెలుసు.
ఎడం పక్కకి ఒరుగుతాడు.
ఐసు దిమ్మ ఎడం భుజం మీద మోసేవాడు,
కుడి భుజం నాకు ఆనించి.
తెల్లారగట్ల మూడింటికి, జెట్టీ మీద,
ఒకే గోనెపట్టా ఇద్దరం కప్పుకుని.
కాళ్ళకి చెప్పులుండేవి కావు.
తడి నేల మీద చప్ చప్‌మంటూ వస్తాడు.

ఆగాను.
ఫ్యాను ఒక చుట్టు. ఇంకో చుట్టు.
బయట తాడు ఇంకా వస్తూనే ఉంది,
వల మాత్రం తేలలేదు.

"ఆమోసు" అన్నాను,
గొంతులో ఐసు ముక్క అడ్డం పడ్డట్టు.

"వచ్చాడా?" అంది అత్త.

"వస్తన్నాడు" అన్నాను.
"కాసేపు ఆగు. నెమ్మదిగా నడుస్తాడు వాడు."