ఎల్లుండి

బాత్రూము తలుపు ఉబ్బి పట్టేస్తోందంటే
బందులూడదీసి వరండా గోడకి చేరేసి,
పన్నెండొందలు ముందే పుచ్చుకుని
"ఎల్లుండి బిగించేత్తానండి" అన్నాడు సూరాచారి.

అది వినాయక చవితి వెళ్ళిన మర్నాడు.

తలుపు జాగాలో పాత దుప్పటి కట్టాను.
కాలవ గాలి కొట్టినప్పుడల్లా
అది ఊరందర్నీ లోపలికి పిలిచేది.
కప్పలైతే పిలవకుండానే వచ్చేవి.
నీళ్ళు పోసుకుంటూ పాడటం మొదలెట్టాను,
లోపల మనిషుందని తెలియాలిగా.

ఫోన్ చేస్తే, అంబాజీపేటలో ఉన్నానండి.
మళ్ళీ చేస్తే, కర్ర తడారలేదండి.
మూడోసారి, "ఆడోళ్ళతో తెగదండి,
ఇంట్లో మగోళ్ళుంటే ఇవ్వండి ఫోను."
ఇంట్లో ఉన్న మగప్రాణి పిల్లి.
దాని చెవికి ఆనించాను.

వాయుగుండం పట్టిన రాత్రి
వాడొదిలేసిన సంచీ తడుస్తోందని లోపలికి తెచ్చాను.
చిత్రిక, రెండు ఉలులు, సగం కాల్చిన చుట్ట,
బయానా ఇచ్చినవాళ్ళ జాబితా రాసుకున్న చిన్న పుస్తకం.
పద్నాలుగు మందిమి.
నా పేరు లేదు. తొమ్మిదో వరసలో
"పోస్టాఫీసు సణుగుడు" అని ఉంది.
పదోది "కొట్టేట్టున్నాడు".
ఆ ఒక్కదానికే టిక్కు.

కార్తీకం ఎండకి తలుపు ఒళ్ళు తగ్గింది.
కాయలు దింపడానికొచ్చిన పోలేసు ఎత్తి పట్టుకుంటే
మరలు నేనే బిగించాను.
ఒకటి వంకర పోయింది. పోనీ.

నిన్నొచ్చాడు, సంచీ కోసం.
తలుపు వంక చూడనైనా లేదు.
చిత్రిక లేక ఎక్కడో పని ఆగిపోయిందట.

సంచీ నా వెనకాలే ఉంది, చెయ్యి చాస్తే అందేంత దూరంలో.
"ఎల్లుండి రా నాయనా" అన్నాను,
ఏమాత్రం సణుగుడు లేకుండా.