నీడ డ్యూటీ

ఎండ తగలగూడదమ్మా అన్నాడు
కర్నూలు పెద్దాసుపత్రి డాక్టరు.
నాకు నవ్వొచ్చింది.
మాది ఉరవకొండ సార్,
మా పక్క ఎండ తగలని చోటంటే
ఎండిపోయిన బోరుగుంత ఒకటే.

పదకొండేండ్లు కండక్టరు పని చేసినా.
చిల్లర సంచీ మోసి మోసి
ఎడమ భుజం కొంచెం వంగింది.
ఇప్పుడా భుజం
జడేసుకోనీకి గూడా లేవదు.
జడంటే ఏముందిలే,
సగం దువ్వెనలోనే ఉండాది.

ముక్కుకు రెండు పక్కలా ఎర్రగా తేలింది.
సీతాకోకచిలుక మచ్చంటారంట దాన్ని.
పేరు బాగుందే, అన్నాడు ఓబుళేసు.
మా ఆయన మంచోడే.
ఏమనాల్నో తెలీక ఏదో ఒకటి అంటాడు.

బిళ్లలకు మొగం పొంగింది.
ఒళ్లు చేసినావే రామాంజినమ్మా,
సెలవు కలిసొచ్చినట్లుందే, అంటారు వీధిలో.
టికెట్ చింపిచ్చినట్లు
అందరికీ ఒక్కో నవ్వు చింపిచ్చి
ఇంట్లోకొచ్చి తలుపేసుకుంటా.

నెలకోసారి అడుగుతారు
కీళ్లెట్లున్నాయి, మూత్రంలో నురగొస్తాందా,
జ్వరమా, నోట్లో పుండ్లా.
అన్నిటికీ జవాబుండాది నా కాడ.
వాళ్లు అడగనిదొకటుంది.
పొద్దున మెలకువొస్తానే
గోడ దిక్కుకు తిరిగి పండుకుంటా.
శిరీష బడికి పోయేముందు
తలుపు సందులోంచి చూసి పోతాది.
కండ్లు మూసుకోనే ఉంటా.
తెరిస్తే అమ్మనై పోవాల కదా.

ఏడుద్దామంటే నీళ్లు రావు.
కండ్లెండిపోయింది గూడా ఈ జబ్బు వల్లేనంట,
చుక్కల మందు రాసిచ్చినారు.
చెయ్యి వణికి సగం చెంప మీద పడతాయి.
ఒక మధ్యాన్నం మా అత్త చూసింది.
ఏమీ అనకుండా పక్కన కూర్చోని
చానాసేపు తల నిమిరింది.
అది మందని నేను చెప్పలేదు.

మొన్న రక్తం తీసే కాడ
కొత్తగా వచ్చిన డాక్టరు పిల్లోడు
సూది గుచ్చుతా గుచ్చుతా అడిగినాడు,
నిద్ర పడతాందా అక్కా?
అంతే మాట.
బస్సు పోతానే ఉండాది సార్,
స్టేజీలే రావడం లేదు, అన్నా.
నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు.
ఇంకో గదికి చీటీ రాసినాడు.
ఆ గది మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు చెడిపోయింది.
మోకాళ్లు పట్టుకోని
మలుపు మలుపుకూ కూర్చుంటా ఎక్కినా.

ఇప్పుడు ఇంకొక బిళ్ల ఎక్కువ.
పిచ్చి బిళ్లా అని ఓబుళేసు అడగలేదు,
నేనే రెండు దినాలు బియ్యం డబ్బాలో దాచినా.

కొన్ని దినాలు పొద్దు మునిగినాక
నెత్తిన కొంగేసుకోని రోడ్డు దాకా పోతా.
మిగిలిన దినాలు గోడే.
తొమ్మిదిన్నరకు మా బండి వస్తాది,
లాలెప్ప ఆఖరు ట్రిప్పు.
నన్ను చూస్తానే లైట్లు డిమ్ చేస్తాడు.
వెలుతురు పడగూడదని
ఆ యప్పకు ఎవరు చెప్పినారో.
ఈ లైటుకేం కాదులేబ్బా, అని అరుద్దామనుకుంటా.
అరవను.
నిన్న మాత్రం చెయ్యెత్తినా,
భుజం ఎంత లేస్తే అంత.