జీవి పేరు అనే గడి

రోళ్ళపాడు గడ్డిలో
తెల్లారుజాము నాలుగూ నలభైకి
మైకుకి బొచ్చుతొడుగు తొడిగి
ఊపిరి చిన్నది చేసుకుని కూర్చున్నాను.

రాత్రి తిన్న కొర్రన్నం కడుపులో గుడగుడ.
అదీ పడుతుంది ఇందులో.
ఎండుగడ్డి ఒకదాన్నొకటి రాసుకోవడం,
జింక గిట్ట రాయికి తగలడం,
ఎక్కడో కౌజు గొంతు సవరించుకోవడం,
తీతువు ఎవర్నో కోప్పడటం,
నందికొట్కూరు దారిలో లారీ గేరు మార్చడం.

లారీని చెరిపేయొచ్చు. చెరపను.
వచ్చే ఏటికి అదెంత దగ్గరికొచ్చిందో
తెలియాలి కదా.

సోమవారం బడిలో వినిపించాను.
ఏడో తరగతి కళ్ళు మూసుకుంది,
వెనక బెంచీ తప్ప.
మాబున్ని పదకొండు గొంతులు లెక్కపెట్టింది.
నేను తొమ్మిదే రాసుకున్నాను.
"కీచురాయి కింద ఇంకో కీచురాయి ఉంది టీచర్,
చాప కింద చాప మాదిరి."

ఆ సాయంత్రం గొర్రెలు తోలుకొస్తున్న గిడ్డయ్యకి
హెడ్‌ఫోన్లు పెట్టాను, తలగుడ్డ పైనుంచే.
నలభై నిమిషాలూ నిలబడే విన్నాడు,
చెవి మీది బీడీ ముట్టుకోకుండా.

"అన్నీ ఉండాయి మేడమ్మా.
కౌజు ఉంది, తీతవ ఉంది,
నక్క గూడా ఒక్క మాట అనిపాయె.
అది ఉండాల్సిన తావులోనే అది లేదు."
ఏది?
"బట్టమేక పిట్ట. ఇదో, కౌజు నిలిపినంక,
గాలి మర్లక ముందు, ఈ సందులో అరస్తుండె."

ఆ సందుని ఎన్నిసార్లు విన్నానో నేను!
రొద లేని పన్నెండు సెకన్లు దొరికాయని
మురిసిపోయాను.
నమూనాగా వేరే దాచుకున్నాను కూడా.

ఎట్లా అరిచేది?
నవ్వి, సిగ్గుపడి, అటు తిరిగి
రెండు చేతులూ నోటికి దోసిలి పట్టి
పొట్ట అడుగునుంచి తీశాడు,
బావిలో చేద మునిగినట్టు
ఒక లోతు మూలుగు.
గొర్రెలు తలెత్తలేదు.
అన్నీ ఈ మధ్య పుట్టినవే.

రికార్డరు నడుస్తూనే ఉంది.

ఇప్పుడు ఇంట్లో, పట్టికలో
తేదీ నింపాను. చోటు నింపాను. గాలి ఎటునుంచో నింపాను.
జీవి పేరు అనే గడిలో
కర్సర్ కొట్టుకుంటోంది.

బట్టమేక అని రాస్తే అబద్ధం.
గిడ్డయ్య అని రాస్తే
సగం.

రేపు మళ్ళీ ఏడో తరగతి.
మాబున్ని ఎన్ని లెక్కపెడుతుందో.