గుల్ల

బియ్యపుతిప్పలో గుల్లని ఎవరూ చేత్తో ఎత్తి చూడరు.
పారతో ఎత్తుతారు.
తట్టకింత అని బేరమాడతారు,
ఊక మీద పరిచి బట్టీలో కాలుస్తారు.
మా నాన్న యాగప్ప ముప్పై ఏళ్ళు కాల్చాడు.
ఆయనకి కనుబొమలు లేవు.

ఓ తపస్సుకాలం శుక్రవారం
విచారణ గురువులు ఫాదర్ శౌరయ్య
గుడి గోడలకి సున్నం మాట్లాడ్డానికొచ్చి
కుప్పలోంచి ఒక గుల్ల తీశారు, అంగీకి తుడిచారు.
"యాగప్పా, నీ పునీతుడి గుర్తయ్యా ఇది."
నాన్న నవ్వాడు.
ధర తగ్గించడానికి ఇదో ఎత్తు అనుకున్నాడు.

అప్పుడు చెప్పారాయన, పొగకి దగ్గుకుంటూ:
వల బాగుచేసుకుంటూ, పిలుపు వినగానే
వలనీ తండ్రినీ పడవలోనే వదిలి
వెళ్ళిపోయిన జాలరి యాగప్ప
తల తెగాక
తెడ్డు లేని పడవలో
పడమటి దేశపు ఒడ్డుకు చేరాడంటారు.
ఆ ఒడ్డున గుర్రంతో సహా సముద్రంలో పడ్డ పెళ్ళికొడుకు
ఒళ్ళంతా గుల్లలతో బతికి పైకొచ్చాడని
ఇంకొందరంటారు.

"అదంతా కథే కావచ్చు.
నడిచినవాళ్ళు మాత్రం నిజం.
నెలల తరబడి నడిచి, సమాధి చూసి,
ఇంకాస్త నడిస్తే నేల అయిపోయేది.
అక్కడో గుల్ల ఏరుకుని టోపీకి కుట్టుకుంటే
ఊరికెళ్ళాక ఎవరూ అడగరు
నిజంగా వెళ్ళావా అని.
దారిలో అదే గిన్నె, అదే గరిటె.
అది చాపితే లేదనడం కష్టం,
పట్టేది గుక్కెడేగా."

నాన్న చాలాసేపు బట్టీకేసి చూశాడు.
"ఆయ్. అయితే ఫాదర్ గారూ,
ఇన్నేళ్ళూ నా పేరునే కాలుస్తున్నానన్నమాట."

ఆ రాత్రి వల సూదితో గుల్లకి బెజ్జం పొడిచాడు.
రెండు పగిలాయి. మూడోది నిలిచింది.
నా లేసు ఉండలోంచి ఇరవై నంబరు దారం
మూరెడు అడిగి తీసుకున్నాడు.
"అక్కడి గుల్ల అరచేయంత ఉంటుందట.
ఇది బొటనవేలంతే.
చుట్టమైతే అవుతుంది."

వాళ్ళు నేల చివరిదాకా నడిచి గుల్ల తెచ్చుకున్నారు.
మేం నేల చివరే పుట్టాం.
అందుకే నాన్న గుల్లతోనే బయల్దేరి
ఎగువకి నడిచాడు,
కాలవ గట్టెమ్మట, నిర్మలగిరికి.

పాలకొల్లులో మా లేసు షావుకారు గుర్తుపట్టి
సోడా ఇప్పించబోతే
ఇందులో పొయ్యమన్నాడట.
నురగే దక్కిందట.

పెనుగొండ దాటాక ఒక అరుగు ముందు ఆగాడు.
ఎందుకాగాడో మాకు చెప్పలేదు, అమ్మకి చెప్పాడు:
వాళ్ళ తాత ఒంగి దోసిలి పడితే
ఎత్తునుంచి నీళ్ళు పోసిన అరుగు అది.
ఇప్పుడొకావిడ చెంబుతో వచ్చింది.
గుల్ల చాపాడు.
చెంబు అంచు గుల్లకి తగిలి
టక్కుమంది.
"ఆ చప్పుడే," అన్నాడట. "ఇంకేం లేదు."

కొండ గురించి అడిగితే
మెట్లు ఎక్కువన్నాడు, అంతే.

తిరిగొచ్చాక సాయంత్రాలు
గుల్ల మీద గీతలు లెక్కపెట్టేవాడు.
కింద కుదురు ధవళేశ్వరం.
ఇది గౌతమి, ఇది వసిష్ఠ, ఇది మన పక్క వైనతేయ...
ఏడుకి పాయల పేర్లు అయిపోయేవి.
గీతలు ఇంకా ఉండేవి.
"ఇవి మనుషులు నడిచినవి," అనేవాడు.

బట్టీ మానలేదు. మానితే ఏం తింటాం?
కాకపోతే పార వేసేముందు
ఒక్క క్షణం ఆగేవాడు, ఎవరినో తప్పుకోమన్నట్టు.

కాలిన గుల్ల మీద నీళ్ళు పోస్తే ఊరుకోదు.
బుస్సుమంటుంది, ఉడుకుతుంది,
పగిలి పిండై విచ్చుకుంటుంది.
నిప్పులోంచి వచ్చినా
నీటిని మర్చిపోలేదది.

నా కూతురు ఆగ్నేసు జ్ఞానస్నానం నాడు
ఫాదర్ వెండి గిన్నె పక్కన పెట్టి
నాన్న మెడకేసి చెయ్యి చాపారు.
మూడు గుక్కలు, ఆ బొటనవేలంత గుల్లతో,
పిల్ల నెత్తిన.
పిల్ల బుస్సుమంది, కొత్త సున్నంలా.
అందరూ నవ్వారు.
నాన్న మాత్రం గోడకేసి చూస్తున్నాడు.
నిన్ననే వేసిన సున్నం,
ఇంకా అక్కడక్కడా తడి.